పీడియాట్రిక్స్ పీజీ: పరిశోధన ఎటు వెళ్తోంది, వార్డులో ఏం నేర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హౌస్‌సర్జన్సీ పూర్తి కావస్తోంది, నీట్ పీజీకి చదువుతున్నారు, పీడియాట్రిక్స్ తీసుకోవాలని మనసులో ఉంది. సీనియర్లు మాత్రం "పిల్లల వైద్యంలో కొత్తగా ఏముంది, జలుబు, దగ్గు, టీకాలే కదా. పెద్ద పరిశోధనంతా అమెరికాలో జీన్ థెరపీల (జన్యులోపాన్నే సరిచేసే చికిత్సల) మీద నడుస్తోంది, మన ప్రభుత్వాసుపత్రి వార్డుకు దానితో పనేంటి" అంటున్నారు. అది నిజమేనా, ఈ మూడేళ్లలో దేని మీద దృష్టి పెట్టాలి అని అడిగారు.

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో పిల్లల వార్డు, నవజాత శిశు విభాగం చూస్తూ పీజీలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ సీనియర్ల మాట తప్పు. గత పదిహేనేళ్లలో పిల్లల ప్రాణాలకు సంబంధించి వచ్చిన ముఖ్యమైన పరిశోధనల్లో చాలా వాటిని మన వార్డుల్లాంటి వార్డుల్లోనే చేశారు. వాటిలో ఎక్కువ భాగం కొత్త మందుల గురించి కావు. రోజూ చేస్తున్న పనుల్లో ఏది ఆపాలి, ఏది ముందు చేయాలి, ఎక్కడో పనిచేసిన చికిత్స ఇక్కడ పనిచేస్తుందా అన్నవే అసలు ప్రశ్నలు. మంచి పిల్లల డాక్టరు కావాలంటే ఈ మూడింటికీ జవాబు వెతుక్కోవడం నేర్చుకోవాలి.

ముందు జీన్ థెరపీల సంగతి. వాటిని తక్కువ చేసి చెప్పను. వెన్నుపాములోని నరకణాలు చచ్చిపోయి కండరాలు పనిచేయకుండా పోయే ఎస్ఎంఏ జబ్బుకు 2019లో అమెరికాలో జీన్ థెరపీకి అనుమతి వచ్చింది, 2020లో నోటితో తీసుకునే రిస్డిప్లామ్ వచ్చింది. 2025లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ రెబెకా అహ్రెన్స్-నిక్లస్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ కిరణ్ ముసునూరు బృందం ఒకే ఒక్క శిశువు కోసం, ఆ శిశువులోని జన్యులోపానికే సరిపోయేలా జీన్ ఎడిటింగ్ మందు తయారుచేసి ఇచ్చారు. రక్తంలో అమ్మోనియా పేరుకుపోయే అరుదైన జబ్బు అది. ఇది చాలా గొప్ప పని, దాని గురించి చదవండి. ఎస్ఎంఏ ఉన్న బిడ్డ మీ ఓపీకి వస్తే మొదటి నెలల్లోనే అనుమానించగలగాలి, ఎందుకంటే ఈ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఫలితం. అయితే పీజీగా మీరు రాత్రి డ్యూటీలో చూసే నూటికి తొంభైతొమ్మిది మంది పిల్లల జబ్బులు వేరు.

ఇక మన వార్డుల విషయానికి వద్దాం. కంగారూ మదర్ కేర్, అంటే తక్కువ బరువు బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచడం గురించి ఎంబీబీఎస్‌లోనే చదివి ఉంటారు. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి. దశాబ్దాల పాటు దాన్ని "బిడ్డ కుదుటపడ్డాక" మొదలుపెట్టాలనే చెప్పాం. అంటే 1,300 గ్రాముల బిడ్డ పుడితే ముందు వార్మర్ (బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రం), ఆక్సిజన్, సెలైన్. తల్లి ఎక్కడో పోస్ట్‌నేటల్ వార్డులో. మూడు నాలుగు రోజుల తర్వాత బిడ్డ నిలదొక్కుకుంటే అప్పుడు తల్లి గుండెల మీద పడుకోబెట్టడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆసుపత్రులు ఈ వరసను తిరగేసి చూశాయి. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. కిలో నుంచి 1,799 గ్రాముల మధ్య పుట్టిన 3,211 మంది పిల్లల్లో సగం మందికి పుట్టిన వెంటనే, కుదుటపడే దాకా ఆగకుండా, తల్లి ఒంటికి ఆనించి ఉంచారు. ఫలితం 2021లో వచ్చింది. 28 రోజుల్లో చనిపోయినవారు పాత పద్ధతిలో 15.7 శాతం, కొత్త పద్ధతిలో 12 శాతం. అంటే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తేడా అంత స్పష్టంగా కనిపించడంతో ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. ఇన్ఫెక్షన్ అనుమానాలు కూడా తగ్గాయి.

ఈ పరిశోధనలో నాకు అన్నిటికంటే విలువైనది అంకెలు కాదు, వార్డు రూపమే మారిపోవడం. బిడ్డ ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) ఉంటే తల్లికి కూడా అక్కడే మంచం ఉండాలి. సిజేరియన్ అయిన తల్లిని ప్రసూతి డాక్టర్లు ఎన్‌ఐసీయూలోకి వచ్చి చూడాలి. "ఎవరూ లోపలికి రాకూడదు" అని గేటు దగ్గర తల్లిని ఆపే అలవాటు పోవాలి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు మార్చి, నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలందరికీ వీలైనంత త్వరగా, రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచమని చెప్పింది. శ్వాస తీసుకోలేనంత, షాక్‌లో ఉన్నంత తీవ్రమైన పరిస్థితి మాత్రమే దీనికి మినహాయింపు. ఇంట్లో చేసినా ఇది పనిచేస్తుందని హర్యానాలో 8,402 మంది పిల్లలతో చేసిన ట్రయల్ 2019లోనే చూపింది.

పీజీగా మీకు దీనిలో నేర్చుకునే పని ఏమిటంటే, సీప్యాప్ (ముక్కు ద్వారా కొంచెం ఒత్తిడితో గాలి అందించే పరికరం) మీద ఉన్న బిడ్డను, ట్యూబులు కదలకుండా, తల్లి గుండెల మీదికి మార్చడం. ఇది చేతి విద్య. పుస్తకం చదివితే రాదు. నర్సుతో కలిసి చేయాలి, తల్లి భయపడుతుంటే పక్కన కూర్చోవాలి. అత్తగారో అమ్మమ్మో "ఇంత పిందెను పట్టుకుంటే ఏమవుతుందో" అని అడ్డుపడితే ఆవిడకూ ఓపిగ్గా చెప్పాలి, వీలైతే ఆవిడ గుండెల మీదే కాసేపు బిడ్డను పెట్టాలి. ఇందుకు పట్టే సమయాన్ని వైద్యంలో భాగంగానే లెక్కేసుకోండి.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచిన కథ ఒకటుంది. ప్రతి పీజీకీ ఇది తెలియాలని నా పట్టుదల. పుట్టగానే ఏడవని బిడ్డ, మెదడుకు ఆక్సిజన్ అందక ఫిట్స్ వస్తున్న బిడ్డ, మన ఎన్‌ఐసీయూల్లో రోజూ ఉంటాడు. అలాంటి బిడ్డ శరీరాన్ని 33.5 డిగ్రీల వరకు చల్లబరిచి 72 గంటలు అలాగే ఉంచితే మరణాలు, వైకల్యాలు తగ్గుతాయని సంపన్న దేశాల ట్రయల్స్ 2005 నుంచీ చూపుతూ వచ్చాయి. అక్కడ అదే ప్రామాణిక చికిత్స అయింది. మన దగ్గరా చాలా యూనిట్లు మొదలుపెట్టాయి. కూలింగ్ యంత్రం ఉంటే ఆధునికమైన యూనిట్ అనే అభిప్రాయం కూడా వచ్చేసింది.

అప్పుడు భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు పెద్ద ఎన్‌ఐసీయూల్లో డాక్టర్ సుధీన్ తయ్యిల్ బృందం హెలిక్స్ ట్రయల్ చేసింది. 408 మంది బిడ్డలు. 2021లో ఫలితం చూసి మాలో చాలామంది నిశ్శబ్దమైపోయాం. మరణం, వైకల్యం కలిపి చూస్తే చల్లబరిచిన వాళ్లలో 50 శాతం, చల్లబరచని వాళ్లలో 47 శాతం. అంటే లాభం లేదు. మరణాలు ఒక్కటే చూస్తే చల్లబరిచిన వాళ్లలో 42 శాతం, చల్లబరచని వాళ్లలో 31 శాతం. లాభం లేకపోగా నష్టం జరిగింది. యంత్రాలు పాడవలేదు, చల్లబరచడం సరిగానే జరిగింది. మన దగ్గరి బిడ్డల్లో మెదడుకు దెబ్బ ప్రసవ సమయంలో ఒక్కసారిగా తగలడం కాకుండా, తల్లి కడుపులోనే అంతకుముందు నుంచీ మెల్లగా జరుగుతూ ఉండవచ్చన్నది ఒక వివరణ. దీని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి. నా అభిప్రాయం మాత్రం స్పష్టం: మన బిడ్డల మీద చేసిన ట్రయల్ మన ముందుండగా, వేరే దేశపు బిడ్డల ఫలితాన్ని పట్టుకుని చల్లబరచడం సరికాదు. జర్నల్ క్లబ్‌లో (పరిశోధన పేపర్లు కలిసి చదివి చర్చించే సమావేశంలో) ఏ పేపర్ చదివినా మీరు మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ట్రయల్‌లోని పిల్లలు నా వార్డులోని పిల్లల్లాంటి వాళ్లేనా?

ఆఫ్రికాలో జరిగి, 2011లో ఫలితం వచ్చిన ఫీస్ట్ ట్రయల్‌కు కూడా ఇలాంటి ప్రశ్నే మూలం. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ తగ్గిన లక్షణాలతో వచ్చిన 3,141 మంది పిల్లలు. పుస్తకంలో ఉన్నదాని ప్రకారం వెంటనే సెలైన్ బోలస్, అంటే కొద్దిసేపట్లో వేగంగా ఎక్కువ సెలైన్, ఎక్కించాలి. బోలస్ ఎక్కించిన రెండు గుంపుల్లో 48 గంటల్లో మరణాలు దాదాపు 10.5 శాతం. బోలస్ లేకుండా మామూలు సెలైన్ మాత్రమే నడిపిన గుంపులో 7.3 శాతం. దశాబ్దాలుగా ప్రాణం పోస్తుందని నమ్మిన పని, వెంటిలేటర్ లేని ఆసుపత్రిలో వంద మందిలో అదనంగా ముగ్గురి ప్రాణం తీస్తోంది. దీన్ని డాక్టర్ క్యాథరిన్ మైట్‌లాండ్ బృందం ప్రచురించినప్పుడు చాలామంది నమ్మలేదు. తర్వాత 2020లో వచ్చిన అంతర్జాతీయ పిల్లల సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) మార్గదర్శకాలు ఐసీయూ ఉన్న చోటుకూ లేని చోటుకూ వేర్వేరు సలహాలు ఇచ్చాయి. ఐసీయూ లేనిచోట, బీపీ పడిపోకపోతే, బోలస్ వద్దు.

ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. వాంతులు విరేచనాలతో ఎండిపోయిన పిల్లలు ఫీస్ట్‌లో లేరు. వాళ్లకు నీళ్లు కావాలి, వెంటనే కావాలి. డెంగీ షాక్ కూడా వేరే లెక్క. ఆగస్టు నుంచి నవంబరు దాకా మీ వార్డు నిండా డెంగీ పిల్లలే ఉంటారు. రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారిపోతోంది కాబట్టి సెలైన్ ఇవ్వాలి, కానీ ఎక్కువైతే అదే నీరు ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. వియత్నాంలో 383 మంది పిల్లలతో చేసిన ట్రయల్ మామూలు రింగర్ లాక్టేట్ సెలైన్ చాలని, కొల్లాయిడ్లనే ఖరీదైన చిక్కటి ద్రవాలు మొదటే అక్కర్లేదని 2005లోనే చూపింది. డెంగీ వైద్యమంటే మంచం పక్కన నిలబడడం. గంటకోసారి నాడి, చేతుల చల్లదనం, పల్స్ ప్రెషర్ (బీపీలో పై అంకెకూ కింది అంకెకూ తేడా), మూత్రం, హెమటోక్రిట్ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే అంకె) చూసి సెలైన్ వేగం మార్చడం. ప్లేట్‌లెట్ అంకె చూసి టెన్షన్ పడే తల్లిదండ్రులకు, ఆ అంకె కంటే బిడ్డ చెయ్యి వెచ్చగా ఉందా అన్నది ముఖ్యమని నచ్చజెప్పడం కూడా మీ శిక్షణలో భాగమే.

ఇప్పుడు మన దేశపు పరిశోధన ప్రపంచ పద్ధతినే మార్చిన సంగతి. "ఉమ్మనీరు తాగాడు" అన్న మాట ప్రసూతి వార్డు బయట ఎన్నిసార్లు విని ఉంటారు! బిడ్డ తల్లి కడుపులో ఉండగానే మలవిసర్జన చేసి, పుట్టాక నీరసంగా ఉంటే, వెంటనే గొంతులో ట్యూబు వేసి పీల్చాలని నాకు నేర్పారు, నేనూ చాలామందికి నేర్పాను. అప్పటి పద్ధతి అదే. పుదుచ్చేరి జిప్‌మర్‌లో 122 మంది బిడ్డలతో చేసిన ట్రయల్ 2015లో, ఢిల్లీలో 175 మందితో చేసినది 2016లో వచ్చాయి. అలా పీల్చడం వల్ల ఏ లాభమూ కనిపించలేదు. పీల్చడంలో గడిచే సమయంలో బిడ్డకు శ్వాస అందించడం ఆలస్యమవుతుంది. పుట్టగానే ఊపిరి అందించే పద్ధతి మీద మార్గదర్శకాలు 2015 నుంచే మారాయి. ఇప్పుడు ముందు చేయాల్సింది ఆ మొదటి నిమిషంలో బ్యాగ్, మాస్క్‌తో ఊపిరి అందించడం. అలాగే నెలలు నిండిన బిడ్డకు నూరు శాతం ఆక్సిజన్ కాదు, మామూలు గాలితో మొదలుపెట్టవచ్చన్న తొలి ట్రయల్స్‌లో ఒకటి ఢిల్లీలో డాక్టర్ సిద్ధార్థ్ రామ్‌జీ బృందం 1993లో ప్రచురించినదే.

అయితే దీనివల్ల శిక్షణలో ఒక కొత్త చిక్కు వచ్చింది. ఉమ్మనీరు తాగిన ప్రతి బిడ్డకూ ట్యూబు వేసే రోజుల్లో పీజీలకు ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలోకి ట్యూబు వేయడం) చేయి తిరిగేది. ఇప్పుడు సీప్యాప్ వాడకం పెరిగింది, ట్యూబు అవసరం తగ్గింది. బిడ్డకు అది మంచిదే. కానీ నిజంగా ట్యూబు వేయాల్సిన రాత్రి, ఆ డ్యూటీ డాక్టరు చేతికి అనుభవం తక్కువ. డబ్లిన్‌లోని ప్రసూతి ఆసుపత్రిలో 214 మంది నవజాత శిశువులతో చేసిన ట్రయల్ 2024లో వచ్చింది. వీడియో లారింగోస్కోప్ (గొంతు లోపలి భాగాన్ని తెర మీద చూపే పరికరం) వాడితే మొదటి ప్రయత్నంలోనే ట్యూబు సరిగా పడింది 74 శాతం మందిలో, మామూలు లారింగోస్కోప్‌తో 45 శాతంలో. దానిలో ఇంకో లాభం, తెర మీద చూస్తూ సీనియర్ "కొంచెం వెనక్కి లాగు, ఇప్పుడు తోయి" అని చెప్పగలరు. ఇది లేని కాలేజీలో బొమ్మ మీద సాధన తప్పదు. మాక్ డ్రిల్ అంటే విసుక్కునే పీజీలను చూశాను. విసుక్కోకండి. నెలకోసారైనా, నర్సులతో కలిపి, నిజమైన లేబర్ రూములో చేయండి. మాస్క్ అంచు నుంచి గాలి పోకుండా పట్టడం అనే ఒక్క పని సరిగా వచ్చిన డాక్టరు చేతిలో బతికే బిడ్డలు, ఖరీదైన యంత్రం దగ్గర బతికే బిడ్డల కంటే ఎక్కువ.

యంత్రం మాట వచ్చింది కాబట్టి ఒక జత పరిశోధనలు చెప్పాలి. ఢాకాలో డాక్టర్ మొహమ్మద్ జొబాయెర్ చిస్తీ తీవ్ర న్యుమోనియా పిల్లల కోసం ఖాళీ షాంపూ సీసాతో బబుల్ సీప్యాప్ తయారుచేసిన కథ చాలామందికి తెలుసు. 2015లో వచ్చిన ట్రయల్‌లో దానితో మరణాలు 4 శాతం, మామూలుగా ముక్కు గొట్టంతో ఆక్సిజన్ ఇచ్చిన వాళ్లలో 15 శాతం. తర్వాత మలావీలో ఒక జిల్లా ఆసుపత్రిలో 644 మంది పిల్లలతో బబుల్ సీప్యాప్‌ను పరీక్షించారు. 2019లో ఫలితం వచ్చింది. సీప్యాప్ వేసినవాళ్లలో 17 శాతం మంది, వేయనివాళ్లలో 11 శాతం మంది చనిపోయారు. రెండుచోట్లా పద్ధతి ఒకటే, తేడా ఎక్కడుంది? ఢాకాలో పిల్లల డాక్టర్లు పక్కనే ఉన్నారు. మలావీ జిల్లా ఆసుపత్రిలో రోజూ డాక్టరు పర్యవేక్షణ లేదు. అదొక్కటే కారణమని తేల్చలేం, పిల్లల ఆరోగ్యమూ వేరు. కానీ ఏ జిల్లా ఆసుపత్రికైనా యంత్రాలు పంపి, వాటి పక్కన నిలబడే శిక్షణ పొందిన మనిషిని పంపకపోతే ఏమవుతుందో ఇది హెచ్చరిస్తోంది. పీడియాట్రిక్స్ పీజీ చేసి జిల్లాకు వెళ్లే డాక్టరు విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది.

ఆక్సిజన్ గురించి కూడా మరచిపోకండి. నెలలు నిండని బిడ్డకు లెక్కలేకుండా ఆక్సిజన్ ఇస్తే కంటి రెటీనా దెబ్బతిని చూపు పోవచ్చు. 34 వారాల కంటే ముందు లేదా 2 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన ప్రతి బిడ్డకూ 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష జరగాలి, మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే, రెండు మూడు వారాల్లోనే. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఈ ముప్పై రోజుల సందేశాన్ని ఏళ్ల తరబడి ప్రచారం చేస్తోంది. డిశ్చార్జ్ కార్డు మీద ఆ తేదీ రాయడం, తల్లికి చదివి వినిపించడం మీ పని. దానికి ఒక నిమిషం చాలు, చూపు మాత్రం జీవితాంతం.

ఇక యాంటీబయాటిక్స్. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టిన 13,530 మంది నవజాత శిశువులపై జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. అందులో ఎక్కువగా దొరికిన సూక్ష్మజీవి ఎసినెటోబ్యాక్టర్, దానిలో 82 శాతం చాలా రకాల మందులకు లొంగనివి. పాఠ్యపుస్తకంలో రాసిన మొదటి వరస మందులు ఈ క్రిముల మీద పనిచేయవు. మన పీజీలు చాలా తొందరగా మెరోపెనెమ్ లాంటి చాలా బలమైన యాంటీబయాటిక్ దాకా వెళ్లిపోతున్నారు, ఒకసారి మొదలుపెట్టాక ఆపడానికి భయపడుతున్నారు. మందు మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) తీయండి. అది నెగెటివ్ వచ్చి, బిడ్డ బాగుంటే, మందు ఆపే ధైర్యం తెచ్చుకోండి. పెద్ద పిల్లల్లోనూ ఇంతే. మలావీలో డొక్కలు ఎగరేస్తూ వచ్చిన న్యుమోనియా పిల్లలు 3,000 మందికి నోటి అమాక్సిసిలిన్ మూడు రోజులు ఇచ్చినా ఐదు రోజులు ఇచ్చినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2020లో తేలింది. ఇంజెక్షన్ పడితేనే వైద్యం అనుకునే ఊళ్లలో ఈ మాట చెప్పి ఒప్పించడం కష్టమే, అందుకే డాక్టరుకు మాట నేర్పు ఉండాలి.

శిక్షణ గురించే నేరుగా జరిగిన పరిశోధనలు కూడా ఉన్నాయి. వాటిని మన దగ్గర ఎవరూ చర్చించరు. డ్యూటీ మారేటప్పుడు ఒక డాక్టరు ఇంకొకరికి ఓవర్ ఇవ్వడం ఉంది కదా. "12వ బెడ్ బాగానే ఉన్నాడు, 14 కొంచెం చూసుకో" అనేసి వెళ్లిపోతుంటాం. తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో దీనికి ఒక వరస పెట్టి నేర్పారు: బిడ్డ పరిస్థితి ఎంత తీవ్రం, క్లుప్తంగా చరిత్ర, చేయాల్సిన పనులు, ఏది తిరగబడితే ఏం చేయాలి, చివర్లో విన్నవాళ్లు తిరిగి చెప్పడం. ఐ-పాస్ అంటారు. 10,740 అడ్మిషన్లలో చూస్తే తప్పులు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గాయి. దానికి అదనంగా సమయం కూడా పట్టలేదు. 2014లోనే వచ్చిన ఫలితం ఇది. పైసా ఖర్చు లేదు. రేపటి నుంచే మీ వార్డులో మొదలుపెట్టవచ్చు.

రెండోది అందరూ తప్పుగా ఊహించే విషయం. వరసగా 24 గంటలు, అంతకంటే ఎక్కువ డ్యూటీ చేస్తే తప్పులు జరుగుతాయని, షిఫ్ట్ తగ్గిస్తే తగ్గుతాయని అనుకుంటాం. అమెరికాలోని ఆరు పిల్లల ఐసీయూల్లో దీన్ని పరీక్షించారు, 2020లో ఫలితం వచ్చింది. షిఫ్ట్ తగ్గించినప్పుడు తీవ్రమైన తప్పులు పెరిగాయి: వెయ్యి రోగి-దినాలకు (ఒక రోగి ఆసుపత్రిలో ఉన్న ఒక రోజు ఒక రోగి-దినం) 79 నుంచి 97కి. కారణం వెతికితే, షిఫ్ట్ తగ్గించినప్పుడు ఒక్కో డాక్టరు చూడాల్సిన పిల్లల సంఖ్య సగటున 6.7 నుంచి 8.8కి పెరిగింది. ఆ భారాన్ని లెక్కలోకి తీసుకుంటే తేడా పోయింది. నిద్రలేమి మంచిదని దీని అర్థం కాదు, నిద్రపోని డాక్టరు ప్రమాదమే. కానీ గంటలు తగ్గించి మనుషుల్ని పెంచకపోతే లాభం లేదని ఇది చెబుతోంది. అక్కడ దాదాపు తొమ్మిది మంది పిల్లలే ఎక్కువైతే, ఒకే వార్మర్ మీద ఇద్దరు బిడ్డల్ని పెట్టే యూనిట్లలో ఒక్క పీజీ రాత్రంతా ఎంతమందిని చూస్తున్నారో ఆలోచించండి. పీజీల అలసటను వాళ్ల బలహీనతగా చూసే పెద్దలకు ఈ పేపర్ చదివి వినిపించాలి. వార్డులో పీజీల సంఖ్య, నర్సుల సంఖ్య పెంచమని అడగడం సౌకర్యం కోసం కాదు, బిడ్డల ప్రాణాల కోసం.

ఓపీ గురించి కొంచెం. సీనియర్లు "జలుబు, దగ్గు" అని తేలిగ్గా కొట్టేసింది ఇక్కడి పనినే. రెండు నెలల్లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40 లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తుంటే న్యుమోనియా అనుమానించాలి. పూర్తి నిమిషం లెక్కపెట్టాలి, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు. రద్దీ ఓపీలో ఇది చేసే డాక్టర్లు ఎంతమంది? 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు సిరప్ తాగి చిన్న పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు రాయవద్దని, ఐదేళ్లలోపు మామూలుగా అవసరమే లేదని మళ్లీ చెప్పింది. ఆ నెలలోనే, హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, చక్కెర ఎక్కువగా ఉండే పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకుండా ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. విరేచనాలు అవుతున్న బిడ్డకు ఆ తీపి నీళ్లు తాగిస్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఒక్క ఓపీ డాక్టరు గట్టిగా పట్టుకుంటే దేశం మొత్తం నియమం మారింది. పరిశోధన అంటే ల్యాబ్ మాత్రమే అనుకునేవాళ్లు దీన్ని గమనించాలి.

విరేచనాల ప్రస్తావనలో ఇంకొకటి. ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల నుంచి దొరికిన రోటావైరస్ (పిల్లల్లో తీవ్ర విరేచనాలు కలిగించే వైరస్) రకంతో, డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్ వంటివారి కృషితో, హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావ్యాక్ టీకా 2014లో మూడో దశ ట్రయల్ ఫలితాలతో ముందుకొచ్చింది. తీవ్రమైన రోటా విరేచనాలను సగానికి పైగా తగ్గించింది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ రోటావైరస్ రకం దొరికింది వార్డులోనే.

ఇక మీ మూడేళ్ల సంగతి. జాతీయ వైద్య కమిషన్ నియమాల ప్రకారం ఎండీలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. చాలామంది దాన్ని చదువుకోవడానికి దొరికిన సెలవులా గడుపుతారు. అలా చేయకండి. అక్కడే మీకు వైద్యం పూర్తిగా కనిపిస్తుంది: బిడ్డ ఎంత ఆలస్యంగా వచ్చాడు, 108లో వచ్చేటప్పుడు చల్లబడిపోయాడా, పీహెచ్‌సీలో ఏం ఇచ్చారు. ఎస్ఎన్‌సీయూ (జిల్లా ఆసుపత్రిలోని నవజాత శిశు ప్రత్యేక విభాగం) నుంచి డిశ్చార్జ్ అయిన బిడ్డ ఇంటికి ఆశా వర్కర్‌తో కలిసి వెళ్లండి. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు గ్రామ మహిళలకు శిక్షణ ఇచ్చి, ఇళ్లకు పంపి, నవజాత శిశు మరణాలను మూడో ఏటికి 62 శాతం తగ్గించారని 1999లో ప్రచురించారు. ఈ రోజు దేశమంతటా ఆశా వర్కర్లు పురిటి ఇళ్లకు వెళ్లడానికి పునాది అదే.

థీసిస్ విషయంలో ఒక సలహా. ఏదో ఒక ఎంజైమ్ స్థాయికీ జబ్బు తీవ్రతకూ సంబంధం అని పాత థీసిస్ పేరు మార్చి రాయకండి. మీ వార్డులోని నిజమైన ప్రశ్న తీసుకోండి. మన యూనిట్‌లో కల్చర్ నెగెటివ్ వచ్చాక ఎన్ని రోజులు యాంటీబయాటిక్ నడుస్తోంది, ఎందుకు? బదిలీ అయి వచ్చిన బిడ్డల ఒంటి వేడి చేరేసరికి ఎంత? కంగారూ కేర్ రోజుకు నిజంగా ఎన్ని గంటలు జరుగుతోంది, ఏది అడ్డుపడుతోంది? ఇవి చిన్నవిగా అనిపిస్తాయి, కానీ సమాధానం దొరికిన మరుసటి వారమే వార్డులో ఏదైనా మార్చగలరు.

కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగ్‌నూ పేరునూ చూసి నిర్ణయించకండమ్మా. అక్కడి సెకండ్ ఇయర్ పీజీకి ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. రాత్రి ఎన్‌ఐసీయూలో ఒక్క పీజీకి ఎంతమంది బిడ్డలు? తల్లులను లోపలికి రానిస్తారా? కన్సల్టెంట్ రాత్రి రౌండ్‌కు వస్తారా, లేక ఫోన్‌లో చెబుతారా? చనిపోయిన ప్రతి బిడ్డ కేసును నెలనెలా, ఎవరినీ తిట్టకుండా, కూర్చుని చర్చిస్తారా? చివరి ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే, మిగతా మూడింట్లో కొంచెం తక్కువైనా, ఆ కాలేజీనే ఆప్షన్లలో పైన పెట్టండి.